తప్పు ఫోన్‌ది కాదు: ఒక వెల్డింగ్ హెల్పర్ రెటీనా కేసు

నీలి కాంతి రెటీనాను (కంటి వెనక వెలుతురును పట్టే పొరను) పాడుచేస్తుందా అని మా ఓపీలో రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. అడిగేటప్పుడు దాదాపు అందరి చేతిలోనూ ఫోన్ ఉంటుంది. నీలి కాంతి దెబ్బ నిజంగా తగిలిన ఈ కుర్రాడిని కూడా ఇంట్లోవాళ్లు ఫోన్ గురించే తిట్టారు. అసలు కారణం దగ్గరికి ఎలా వెళ్లామన్నది సాటి డాక్టర్లకూ ఆప్టోమెట్రిస్టులకూ పనికొస్తుందని రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టగల వివరాలు మార్చాను, కొన్ని వదిలేశాను.

పూర్వాపరాలు

వయసు ఇరవై దాటి ఎంతో కాలేదు. ఇంటర్ తర్వాత గేట్లు, గ్రిల్స్, రేకుల షెడ్లు చేసే ఫ్యాబ్రికేషన్ షాపులో హెల్పర్‌గా చేరాడు. పగలు పని, రాత్రి కానిస్టేబుల్ పరీక్ష కోసం ఫోన్లో కోచింగ్ వీడియోలు. అప్పటిదాకా కళ్ళజోడు అవసరం రాలేదు. వేరే జబ్బులేవీ లేవు. మొటిమలకు డాక్సీసైక్లిన్ లాంటివి వాడావా అని ప్రత్యేకంగా అడిగాను, ఆ మందు ఒంటిని వెలుతురుకు సున్నితం చేస్తుంది కాబట్టి. వాడలేదన్నాడు. తల్లిదండ్రులది మేనరికం. ఈ ఒక్క సంగతి తర్వాత నన్ను చాలా ఆలోచింపజేసింది.

ఏ ఇబ్బందితో వచ్చాడు

“ఏది చూస్తే సరిగ్గా అక్కడే మరక పడుతోంది సార్. చుట్టూ అంతా బాగానే ఉంది.”

ఫోన్లో పదం చదువుతుంటే మధ్య అక్షరం మాయమవుతోందట. చూపు కాస్త పక్కకు జరిపితే ఆ అక్షరం వచ్చి ఇంకోటి పోతోంది. షాపులో కొలతల టేపు మీద గీతలు వంకరగా కనపడుతున్నాయి. కుడి కన్నులో ఎక్కువ, ఎడమలో తక్కువ. మొదలై నెల దాటింది. నొప్పి లేదు, ఎరుపు లేదు, నీరు కారడం లేదు.

ఇంత కచ్చితంగా చెప్పే పేషెంట్ దొరకడం అదృష్టం. చూపంతా మసకగా ఉందంటే కళ్ళజోడు నంబరు దగ్గర్నుంచి శుక్లం దాకా చాలా వాటిని అనుమానించాలి. చూసిన చోటే మచ్చ, గీతలు వంకర అంటే మాత్రం ముందుగా మాక్యులా (సూటి చూపునిచ్చే రెటీనా మధ్యభాగం) నడిబొడ్డునే చూడాలి.

అప్పటికే ఏమేం చేశారు

తల్లి మొదట ఫోన్ లాక్కుంది. తర్వాత బంధువొకరు చెప్పారని నీలి కాంతిని ఆపుతాయనే బ్లూ కట్ అద్దాలు కొనిచ్చింది. వాటితో పాటు మెడికల్ షాపులో ఏవో విటమిన్ గోళీలు. వారాలు గడిచినా మరక అలాగే ఉంది. ఆపైన ఒకచోట చూపిస్తే, రెటీనాలో వాపు అయి ఉండొచ్చని ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు రాశారు. మా దగ్గరికి వచ్చేసరికి వాటిని వేసుకోవడం మొదలుపెట్టి కొద్ది రోజులే అయింది.

బ్లూ కట్ అద్దాల సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మామూలుగా దొరికే ఈ అద్దాలు నీలి కాంతిలో ఆపేది సుమారు 10 నుంచి 25 శాతం. వైద్య ఆధారాలను జల్లెడపట్టే కోక్రేన్ సంస్థ 2023లో తెచ్చిన సమీక్ష 17 ట్రయల్స్‌ను పరిశీలించి, కంప్యూటర్ పని వల్ల వచ్చే కంటి అలసటను ఇవి మామూలు అద్దాల కన్నా ఎక్కువగా తగ్గిస్తాయనడానికి ఆధారం కనపడలేదని తేల్చింది. రెటీనాను కాపాడతాయా లేదా అన్నదానిపై ఆ ట్రయల్స్‌లో తేల్చదగ్గ సమాచారమే లేదు. కాబట్టి ఈ కుర్రాడికి అద్దాలు పనిచేయకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు. నన్ను ఆలోచనలో పడేసింది వేరే: నిజంగా ఫోనే కారణమైతే, లాక్కుని ఇన్ని వారాలైనా మరక రవ్వంతైనా ఎందుకు తగ్గలేదు?

పరీక్షలో కనపడింది

కుడి కన్ను 6/18, ఎడమ 6/9 (మామూలు చూపు 6/6). పిన్‌హోల్ (చిన్న రంధ్రమున్న పలక) పెట్టినా చూపు మెరుగుపడలేదు, అంటే నంబరు సమస్య కాదు. ఆమ్స్‌లర్ చార్ట్ మీద గడులు ఎక్కడ చెదిరాయో పెన్నుతో గియ్యమంటే, రెండు కళ్ళకూ సరిగ్గా మధ్య చుక్క దగ్గరే చిన్న వలయం గీశాడు. కనుపాపలు వెలుతురుకు మామూలుగానే స్పందించాయి, కాబట్టి నరం మీద అనుమానం తగ్గింది. కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) అద్దంలా ఉంది. లెన్స్ స్వచ్ఛం.

రెటీనా చూస్తే రెండు వైపులా ఫోవియా (మాక్యులా నడిమి గుంట) మధ్యలో పసుపు ఛాయ ఉన్న చిన్న మచ్చ. కుడివైపు మచ్చకు అంచు కాస్త ఎర్రగా, స్పష్టంగా ఉంది. రెటీనా పొరలను విడివిడిగా చూపే ఓసీటీ స్కాన్ తీశాక విషయం ఇంకా తేటపడింది. పై పొరలన్నీ చెక్కుచెదరలేదు. అడుగున వెలుతురును పట్టే ఫోటోరిసెప్టర్ కణాల వరుసలో, ఎలిప్సాయిడ్ జోన్ అని మనం పిలిచే తెల్లటి గీత సరిగ్గా మధ్యలో తెగిపోయింది. కుడి కంట్లో తెగిన అంచులు కత్తితో కోసినంత నిటారుగా ఉన్నాయి. నీరు చేరలేదు, వాపు లేదు. అంటే స్టెరాయిడ్ వాడటానికి కారణం ఆ స్కాన్లో ఎక్కడా లేదు.

జబ్బుల జాబితా, దాన్ని కుదించడం

ఈ స్కాన్ చూసి ఒక్క పేరే చెప్పడం తొందరపాటు. ఫోవియా మధ్యలో ఫోటోరిసెప్టర్లు పోవడానికి కారణాలు చాలానే ఉన్నాయి. గ్రహణం రోజు సూర్యుణ్ణి నేరుగా చూడటం, లేజర్ పాయింటర్, చిన్న మాక్యులర్ హోల్ (మాక్యులాలో రంధ్రం), మాక్‌టెల్ (మాక్యులా రక్తనాళాల జబ్బు), వంశపారంపర్యంగా రెటీనా క్షీణించే డిస్ట్రోఫీలు. రెండు కళ్ళలోనూ ఒకే చోట ఉండటం, పై పొరలను ఏదీ పట్టి లాగుతున్నట్టు కనపడకపోవడం వల్ల మాక్యులర్ హోల్ పక్కకు వెళ్లింది. మాక్‌టెల్ సాధారణంగా నడివయసు దాటినవాళ్లలో వస్తుంది.

డిస్ట్రోఫీని మాత్రం అంత తేలిగ్గా కొట్టిపారేయలేకపోయాను. మేనరికం ఇళ్లలో స్టార్‌గార్ట్ లాంటి రిసెసివ్ జబ్బులు (తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే బయటపడేవి) ఇలాగే కుర్రవయసులో రెండు కళ్ళకూ వస్తాయి. మన జిల్లాల్లో పనిచేసే ఏ కంటి డాక్టరైనా దీన్ని మర్చిపోకూడదు. రెటీనా తనంతట తాను వెలువరించే మెరుపును పట్టే ఆటోఫ్లోరసెన్స్ ఫోటో తీయించాను. స్టార్‌గార్ట్‌లో కనపడే తునకల్లాంటి మచ్చలు లేవు. మధ్యలో చిన్న నల్లటి చుక్క తప్ప మిగతా అంతా శుభ్రం. అక్కకూ చెల్లికీ చూపు బాగానే ఉంది. పైగా ఇతనికి ఇది మెల్లమెల్లగా కాక, ఫలానా వారంలో అని చెప్పగలిగేలా మొదలైంది. రెటీనా విద్యుత్ స్పందనను కొలిచే ఈఆర్‌జీ పరీక్ష కోసం నగరానికి పంపాలా అని ఆలోచించాను. పంపలేదు. ఇంత చిన్న మచ్చకు మొత్తం రెటీనా ఈఆర్‌జీ ఎలాగూ మామూలుగానే వస్తుంది. దానికన్నా మంచి పరీక్ష చేతిలోనే ఉంది, అది కాలం. డిస్ట్రోఫీ తనంతట తాను బాగుపడదు. వెలుగు దెబ్బ అయితే కొన్ని నెలల్లో ఎంతో కొంత కోలుకుంటుంది. అదే స్కాన్‌ను మళ్ళీ మళ్ళీ తీస్తే తేలిపోతుంది.

గ్రహణం చూడలేదన్నాడు. జాతరల్లో అమ్మే లేజర్ లైట్లతో ఆడావా అని మాట మార్చి మార్చి అడిగాను. ఈ ప్రశ్నకు కుర్రాళ్లు మొదటిసారే నిజం చెప్పరు. ఇతని జవాబు మాత్రం మారలేదు. ఇక మిగిలింది వెల్డింగ్. కానీ అక్కడ అడ్డం పడింది అతని మాటే: “నేను వెల్డింగ్ చేయను సార్. పట్టుకుంటాను అంతే.”

పట్టుకోవడమంటే ఏమిటో చూపించమన్నాను. టేబుల్ మీదున్న రెండు స్కేళ్లు తీసుకుని మూల కలిపాడు. రెండు చేతులతో గట్టిగా నొక్కిపట్టి, ముందుకు వంగి, ముఖాన్ని ఆ మూలకు జానెడు దూరంలోకి తెచ్చాడు. లంబం సరిగ్గా వచ్చిందో లేదో గురి చూడటానికి ఎడమ కన్ను మూశాడు. “ఇలా పడితే అన్న ఇక్కడ టాక్ కొడతాడు.”

కుడి కన్ను ఎందుకు ఎక్కువ పాడైందో అప్పుడు అర్థమైంది. వెల్డర్ ముఖానికి అద్దం ఉంది. ముక్క కదలకుండా పట్టుకున్నవాడికి లేదు. టాక్ అంటే ఒక చుక్క వెల్డింగ్, సెకను కూడా పట్టదు. కానీ ఒక్క గేటుకే ఎన్నో టాకులు, మూల జరగకుండా ఉండాలంటే అతను అక్కడే చూస్తూ ఉండాలి. మరక మొదలయ్యే ముందు ఒక పెద్ద షెడ్ పని రాత్రింబవళ్లు జరిగిందట. ఆ రాత్రుల్లో ఒకరోజు కళ్ళలో ఇసుక పోసినట్టై నిద్ర పట్టలేదు. ఇంట్లో బంగాళదుంప చక్రాలు పెట్టారు, తోటి పనివాడు ఏదో చుక్కల మందు ఇచ్చాడు. మర్నాటి సాయంత్రానికి నొప్పి పోయింది, ఆ పై రోజు పనికి వెళ్లాడు. మరకను గమనించింది ఆ తర్వాతే. కానీ ఆ నొప్పికీ ఈ మరకకూ సంబంధం ఉంటుందని అతనికి తోచలేదు. నొప్పి తగ్గింది కదా మరి.

నొప్పి ఒకచోట, దెబ్బ ఇంకోచోట

వెల్డింగ్‌లో పుట్టే ఆర్క్ వెలుగులో అతినీల లోహిత కిరణాలూ, కంటికి కనపడే వెలుగూ, వేడి కిరణాలూ కలిసే ఉంటాయి. అతినీల లోహిత కిరణాల్లో ఎక్కువ భాగాన్ని కార్నియా, మిగిలినదాన్ని లెన్స్ పీల్చుకుంటాయి. కార్నియా పైపొర కమిలితే కొన్ని గంటల తర్వాత ఇసుక పోసినట్టు మండుతుంది. ఆ పొర ఒకటి రెండు రోజుల్లో తిరిగి అల్లుకుంటుంది, నొప్పి పోతుంది. సుమారు 400 నుంచి 500 నానోమీటర్ల మధ్య ఉండే నీలి వెలుగు కార్నియానూ, కుర్రవయసు లెన్స్‌నూ దాటి నేరుగా ఫోవియా మీద పడుతుంది. వయసు పైబడ్డవాళ్ల లెన్స్ పసుపెక్కి దాన్ని కొంత ఆపుతుంది. ఇరవై ఏళ్లవాడికి ఆ రక్షణ లేదు. రెటీనాలో నొప్పి తెలిసే నరాలు లేవు. కాబట్టి బాధపెట్టిన దెబ్బ మానిపోయింది, బాధే లేని దెబ్బ ఉండిపోయింది.

ఇది వేడి వల్ల కాలడం ఎందుకు కాదు? 1976లో హామ్, ముల్లర్, స్లినీ అనే పరిశోధకులు కోతుల మీద చేసిన ప్రయోగాలు ఇక్కడ ఇప్పటికీ ఆధారం. తరంగదైర్ఘ్యం తగ్గే కొద్దీ రెటీనాను దెబ్బతీయడానికి కావలసిన వెలుగు తగ్గుతూ వచ్చింది. 441 నానోమీటర్ల నీలి వెలుగు, రెటీనాను చెప్పుకోదగ్గంత వేడెక్కించకుండానే గాయం చేసింది. ఇది రసాయన చర్య. అందుకే వెలుగు ఎంత తీవ్రమైనదో, ఎంతసేపు పడిందో ఆ రెండూ గుణించి లెక్క వేయాలి. చిన్న చిన్న టాకులన్నీ ఒకే ఖాతాలో జమ అవుతాయి. వెల్డింగ్ ఆర్క్‌ను కొలిచిన జపాన్ పరిశోధకులు, రక్షణ లేకుండా ఒక రోజులో చూడగల మొత్తం సమయం కొన్ని రకాల ఆర్క్‌లకు సెకను కన్నా తక్కువనీ, మహా అయితే పదుల సెకన్లనీ చెప్పారు.

కణాల స్థాయిలో ఏం జరుగుతుందంటే, ఫోటోరిసెప్టర్ బయటి కొసలో విటమిన్ ఏ నుంచి వచ్చే రెటినాల్ అనే పదార్థం ఉంటుంది. చూసే ప్రతి వెలుగుకూ అది రూపం మార్చుకుని విడుదలవుతుంది, మళ్ళీ తయారవుతుంది. విడిగా పోగుపడిన రెటినాల్ నీలి కాంతిని పీల్చుకుంటే చురుకైన ఆక్సిజన్ అణువులు పుడతాయి. అవి పక్కనే ఉన్న కొవ్వు పొరలను తినేస్తాయి. ఫోటోరిసెప్టర్ లోపలి భాగంలో మైటోకాండ్రియాలు కిక్కిరిసి ఉంటాయి; వాటిలోని కొన్ని ఎంజైములు కూడా నీలి కాంతిని పీల్చేవే. ఓసీటీలో తెగిపోయి కనపడిన ఎలిప్సాయిడ్ గీత సరిగ్గా ఆ మైటోకాండ్రియాల గుంపే. స్కాన్‌లో ఈ పొరే తెగి, పై పొరలు బాగుండటం అందుకే నాకు అంత నమ్మకం ఇచ్చింది.

దాని కింద ఆర్‌పీఈ కణాలు ఉంటాయి. ఫోటోరిసెప్టర్లు రోజూ తమ కొసల్లో దాదాపు పదో వంతు రాల్చేస్తే వాటిని మింగి అరిగించేది ఇవే. అరగని మిగులు లైపోఫ్యూసిన్‌గా పేరుకుంటుంది. అందులోని ఏ2ఈ అనే పదార్థం కూడా నీలి కాంతికి విషంగా మారుతుంది. ప్రయోగశాలలో ఏ2ఈ ఎక్కించిన ఆర్‌పీఈ కణాలు నీలి వెలుగులో చనిపోతాయి, ఆకుపచ్చ వెలుగులో చాలా తక్కువగా పోతాయి. అయితే లైపోఫ్యూసిన్ వయసుతో పేరుకునేది. ఇంత చిన్న వయసులో అది ప్రధాన దోషి అని నేను అనుకోవడం లేదు. పోయిన ఆర్‌పీఈ కణం స్థానంలో కొత్తది పుట్టదు, కానీ బతికి ఉన్న ఫోటోరిసెప్టర్ తన కొసను మళ్ళీ పెంచుకోగలదు. కోలుకునే అవకాశమంతా ఈ తేడా మీదే ఆధారపడి ఉంటుంది.

ఫోన్ సంగతి

తల్లితో వచ్చిన బంధువు తన ఫోన్లో ఒక వార్త చూపించారు. మొబైల్ నీలి కాంతి కంటి కణాలను చంపేస్తుందని. దాని మూలం 2018లో అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పేపర్. రెటినాల్ మీద నీలి కాంతి పడితే కణాలకు ఏమవుతుందో అందులో చూపించారు, అది విలువైన పనే. కానీ వాళ్లు వాడినవి ప్లేటులో పెంచిన, రెటీనాకు చెందని కణాలు. వాటికి రెటినాల్‌ను బయటి నుంచి కలిపారు. అమెరికన్ నేత్రవైద్యుల అకాడమీ కూడా, దీన్ని బట్టి ఫోన్ చూస్తే గుడ్డితనం వస్తుందని చెప్పలేమని ప్రకటించింది. 2016లో బ్రిటన్‌లో బల్బులనూ, ల్యాప్‌టాప్‌లనూ, ఫోన్లనూ కొలిచి చూస్తే, తెరల నుంచి కంటికి చేరే నీలి కాంతి ప్రమాద పరిమితికి చాలా కింద ఉంది, పగటిపూట నీలాకాశం చూసినప్పటి కన్నా తక్కువ.

“ఫోన్ ఇచ్చేయండమ్మా, చదువుకుంటాడు” అన్నాను. “అర్ధరాత్రి దాకా చూడటం మంచిదేనా బాబూ?” అని ఆవిడ అడిగింది. మంచిది కాదు, కానీ అది నిద్ర సమస్య. మెలనాప్సిన్ అనే వర్ణకం ఉండే రెటీనా కణాలు 480 నానోమీటర్ల దగ్గరి నీలి వెలుగుకు స్పందించి, ఇంకా పగలే అని మెదడుకు కబురు పంపుతాయి. దానివల్ల నిద్ర చెడుతుంది. ఓసీటీలో గీతలు తెగవు.

ఏం చేశాం, ఏది పనికిరాలేదు

స్టెరాయిడ్ ఆపించాను. మొదలుపెట్టి కొద్ది రోజులే కాబట్టి మెల్లగా తగ్గించుకుంటూ రావలసిన అవసరం లేకపోయింది. ఈ జబ్బులో దానితో లాభమని రుజువు లేదు, పైగా స్టెరాయిడ్ వల్ల రెటీనా కింద నీరు చేరే సీఎస్ఆర్ అనే వేరే జబ్బు రావచ్చు. ఉన్న మరకకు తోడు ఇంకోటి ఎందుకు? ల్యూటీన్ గోళీలు రాయమని ఇంటివాళ్లు అడిగారు. ల్యూటీన్, జియాజాంథిన్ మాక్యులాలో ఉండి నీలి కాంతిని కొంత పీల్చుకునే మాట నిజమే. అవి తెగిన వరుసను అతికిస్తాయనడానికి ఆధారం లేదు. ఆకుకూరలు, గుడ్డు సొన తినమన్నాను, గోళీలు రాయలేదు.

అసలు మందు వెలుగుకు దూరంగా ఉండటమే, అదే కష్టమైంది. పని మానేస్తే ఇల్లు గడవదు. ఓనర్ మంచివాడే. విషయం వినగానే చేత్తో పట్టుకునే వెల్డింగ్ అద్దం ఒకటి కొనిచ్చాడు. అది ఒక్క రోజు కూడా నిలవలేదు. రెండు చేతులూ ముక్కను పట్టుకుని ఉంటే అద్దాన్ని ఎవరు పట్టుకోవాలి? తర్వాత నల్ల కూలింగ్ గ్లాసులు తెచ్చుకున్నాడు. వెలుగు తగ్గినట్టు అనిపించడంతో ఇంకా దగ్గరగా, ఇంకా ధైర్యంగా చూశాడు. అందుకే వాటిని వెంటనే తీసేయించాను. లెక్క చెబితే అర్థమవుతుంది: షేడ్ 10 వెల్డింగ్ గ్లాసు కనపడే వెలుగులో సుమారు ఏడు వేలలో ఒక వంతునే లోపలికి వదులుతుంది. కూలింగ్ గ్లాసులు పదిలో ఒకటో రెండో వంతులు వదులుతాయి. బ్లూ కట్ అద్దాలు నీలి కాంతిలో నాలుగింట మూడొంతులకు పైగా వదిలేస్తాయి. తర్వాత, టాక్ కొట్టే ముందు వెల్డర్ “కళ్ళు” అని అరవాలని అనుకున్నారు. రద్దీ లేనప్పుడు బాగానే జరిగింది. పని తొందరలో అరుపూ టాకూ ఒకేసారి వచ్చేవి.

ఏది పనిచేసింది

పరిష్కారం చెప్పింది ఆ షాపు వెల్డరే. మూల పట్టుకోవడానికి మనిషి ఎందుకు, మ్యాగ్నెట్ యాంగిల్, క్లాంపులు ఉంటే చాలు కదా అన్నాడు. హెల్పర్ ముక్కలు అమర్చి, గురి చూసుకుని, మ్యాగ్నెట్ బిగించి వెనక్కి తప్పుకుంటాడు. ఆర్క్ వెలిగే సమయానికి అతని ముఖం అక్కడ ఉండదు. చేత్తో పట్టుకోక తప్పని పెద్ద ట్రస్‌ల కోసం తలకు తగిలించుకునే ఆటో డార్కెనింగ్ హెల్మెట్ ఒకటి కొన్నారు. ఆర్క్ వెలగగానే సెకనులో వెయ్యో వంతు కూడా పట్టకుండా నల్లబడుతుంది, చేతులు ఖాళీగా ఉంటాయి, ముందు మూల కూడా కనపడుతుంది. మ్యాగ్నెట్లతో పని వేగం కూడా పెరిగిందని ఓనర్ చెప్పాడు. ఆ మార్పు నిలబడటానికి నా ఉపన్యాసం కన్నా అదే పెద్ద కారణమై ఉంటుంది.

ఆరు వారాల తర్వాత తీసిన స్కాన్‌లో ఎడమ కంటి గీత కలుసుకోవడం మొదలైంది. మేనరికం గురించిన నా అనుమానం అక్కడితో తీరింది. మూడు నెలలకు ఎడమ కన్ను 6/6. కుడి కన్ను ఆరు నెలలకు 6/9 దగ్గర ఆగింది. స్కాన్‌లో సన్నటి ఖాళీ మిగిలే ఉంది. ఆమ్స్‌లర్ చార్ట్ మీద గీసిన వలయం ఇప్పుడు చుక్కంత.

సాటి డాక్టర్లకు

వృత్తి ఏమిటని అడిగితే చాలదు. పని చేసే భంగిమ చూపించమనాలి. “వెల్డింగ్ చేస్తావా?” అన్న ప్రశ్నకు ఈ కుర్రాడు లేదని నిజాయతీగానే చెప్పాడు. కిళ్లీ బడ్డీ పక్కన గ్రిల్ అతికిస్తుంటే చూస్తూ నిలబడే పిల్లల్ని కూడా ఇదే కోవలో అడగాలి, వాళ్ల లెన్స్ ఇంకా స్వచ్ఛం.

వెల్డింగ్ వెలుగు కొట్టి కళ్ళ మంటతో వచ్చినవాళ్లకు చుక్కల మందు ఇచ్చి పంపేయడం మనందరికీ అలవాటు. మంట తగ్గాక, ఒక వారానికి, ఒక్కో కన్ను మూసి చదివించి, ఆమ్స్‌లర్ చార్ట్ చూపించడానికి రెండు నిమిషాలు చాలు. షాపుల్లో తిరిగే చుక్కల మందు ఏమిటో కూడా కనుక్కోవాలి. చాలాసార్లు అది కంటిని మొద్దుబార్చే మత్తు మందు. నొప్పిని పూర్తిగా చంపేసి మనిషిని అదే రాత్రి మళ్ళీ ఆర్క్ ముందుకు పంపుతుంది, పదేపదే వాడితే కార్నియానూ కరిగిస్తుంది.

కుడి కన్ను ఇంకా మెరుగవుతుందా, సెలక్షన్స్‌లో ఇబ్బంది పెడుతుందా అని అతను ప్రతిసారీ అడుగుతాడు. ఆరు నెలలు దాటాక వచ్చే మార్పు సాధారణంగా స్వల్పమేననీ, మెడికల్ టెస్టులో ఏమంటారో నేను హామీ ఇవ్వలేననీ చెప్పాను. చదువు ఆపలేదు. ఏడాదికోసారి స్కాన్‌కు రమ్మన్నాను, ఈలోగా మరక పెరిగినట్టు అనిపిస్తే వెంటనే. మిగతా ఇద్దరు హెల్పర్లను కూడా ఓనర్ పరీక్షకు పంపాడు. ఇద్దరి రెటీనాలూ బాగున్నాయి.